తోడల్లుళ్ల బావులు

మాది కడప జిల్లా. నాది కడుపుమంట. రెండూ ఎండాకాలంలోనే బాగా మండుతాయి.

ఈ మంటకు నేనొక్కణ్నే బాధ్యుణ్ని కాను, మా మామకూ అందులో వాటా ఉంది. ఆయనకు మగపిల్లలు లేరు. ఉన్నదల్లా ఇద్దరు కూతుళ్లు, కమలాపురానికి ఆమడ దూరంలో పాపాఘ్ని ఒడ్డున ఒక చెక్క భూమి, ఆ చెక్కలో రెండు బావులు. పెద్ద కూతురు తిరుపతమ్మను నాకిచ్చి ఎగువ బావి నా చేతిలో పెట్టాడు. చిన్న కూతురు కృష్ణవేణమ్మను అయ్యన్నకిచ్చి దిగువ బావి వాడి చేతిలో పెట్టాడు. పేర్లు చూడండి. కొండ పేరున్న పిల్ల నాకొచ్చింది, ఏటి పేరున్న పిల్ల వాడికి పోయింది. నీళ్లు ఎటు పోవాలో మామ పేర్లు పెట్టిననాడే తేల్చేశాడని నా అనుమానం. నా పేరు పుల్లయ్య. పులుపు పేరులోనే ఉంది కాబట్టి, నన్ను ఎవరూ కొత్తగా పులియబెట్టనక్కరలేదు.

అయ్యన్నా నేనూ తోడల్లుళ్లం. నీళ్లు తోడే అల్లుళ్లం కనుక మాకు ఆ మాట రెండు విధాలా సరిపోయింది. పదిహేనేళ్లు ఇద్దరమూ కపిలతోనే తోడాం. రెండెద్దులు గట్టు మీంచి వాలులోకి దిగుతూ మోకు లాగితే, బావిలోంచి తోలుబాన నిండుగా పైకొచ్చి కాలువలో కుమ్మరిస్తుంది. ఎద్దులు వెనక్కి ఎక్కితే బాన మళ్లీ మునుగుతుంది. పొద్దు నడినెత్తికొచ్చేసరికి ఎద్దుల నోట నురగ వస్తుంది. విప్పేస్తాం. సాయంత్రందాకా బావి తనపాటికి తాను ఊరుతుంది. ఎద్దు ఆయాసమే బావికి విశ్రాంతి. ఈ సంగతి నాకప్పుడు తెలియదు. తెలిసి ఉంటే ఆ మూగజీవాలను సోమరులని అన్నేళ్లు తిట్టేవాణ్ని కాదు.

నాది అరెకరం ఆకుతోట. అవిసె చెట్లను పట్టుకుని పాకిన తమలపాకు తీగలు. ఆ తోటలోకి అడుగుపెడితే కడప ఎండ బయటే చెప్పులు విడిచి నిలబడేది. కానీ ఆకుతోట మహా పెంకిది. రెండు రోజులు తడి తప్పితే మూతి ముడుస్తుంది. వారం తప్పితే తీగ చస్తుంది. మళ్లీ నాటితే ఆకు కోతకొచ్చేదాకా ఏళ్ల తరబడి పస్తులే. మా ఇంట్లో తిండీ, బట్టా, పిల్లల చదువూ అన్నీ ఆ ఆకుల మీదే నిలబడి ఉన్నాయి.

కర్నూల్లో డేరాల కింద రాష్ట్రం నడుస్తున్న రోజులవి. ఏదో కాగితం పని మీద అయ్యన్న ఆ రాజధానికి పోయి, కాగితం సంగతి మరిచిపోయి, ఆయిల్ ఇంజను ఎక్కించుకుని తిరిగొచ్చాడు. దానికి ఐదు గుర్రాల బలమట. గడ్డి తినవు, లద్దె వేయవు, కనిపించవు. ఊరంతా చూడ్డానికొచ్చింది. కృష్ణవేణమ్మ ఇంజనుకు పసుపు పూసి, బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయలుంచింది. అయ్యన్న పిడి పట్టి తిప్పాడు. ఇంజను మొదట దగ్గింది, ఆ తర్వాత పొగ కక్కింది, ఆపైన డుగుడుగుమంటూ అందుకుంది. గొట్టం నోట్లోంచి నా తొడంత లావున నీళ్లు దూకాయి.

"ఏమయ్యా, నోరు మూసుకో. ఈగలు పోతాండాయి" అంది తిరుపతమ్మ, నా పక్కన నిలబడి.

గుంపులోంచి ఎవడో కేకేశాడు. "పుల్లన్నా, ఇంగ నీ ఎద్దుల్నేం జేస్తావప్పా? సంతకు తోల్తావా?"

"ఎద్దులుంటే ఎరువన్నా వస్తాది. ఇంజనేమేస్తాది? పొగేస్తాది!" అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

ఆ రోజు నుంచి తెల్లారితే డుగుడుగు, పొద్దుగూకితే డుగుడుగు. నా ఎద్దులు అలిసిపోయి నెమరేస్తుంటే, అయ్యన్న గుర్రాలు అలుపు లేకుండా తోడుతూనే ఉండేవి. వాడి ఇంజను ఆయిల్ పోస్తే మండేది, నాది పోయకుండానే మండేది. వాడు ఎండుగడ్డి తప్ప ఎరగని నేలలో వరిమడి కట్టాడు. కడప ఎండలో వరి! తెల్లకొంగలు ఎక్కడ విన్నాయో ఏమో, ఏటి మీంచి వచ్చి, నా తోట మీదుగా ఎగిరి, ఒక్కటంటే ఒక్కటి మర్యాదకైనా నా గట్టు మీద వాలకుండా, వాడి మడిలో దిగేవి. నాకు కొంగల మీద కూడా కోపమొచ్చింది. ఆకుతోటకు వచ్చే తెగులు వేరుకుళ్లు. తోటవాడికి వచ్చింది వేరే కుళ్లు. దానికి మందు కమలాపురం సంతలో దొరకదు.

ఆ ఏడు మాఘం వెళ్లకముందే నా బావి తగ్గింది. బావి లోపలికి రాతిమెట్లున్నాయి. ఎంత ఎండాకాలమైనా పదకొండో మెట్టు కిందికి నీళ్లు పోవడం మామ కూడా ఎరగడు. ఇప్పుడు పదిహేనో మెట్టు బయటపడింది. బాన అడుగును గీరుకుంటూ సగం నీళ్లూ సగం బురదా పైకి తెస్తోంది.

ఒక పొద్దున అయ్యన్న తువ్వాలు భుజాన వేసుకుని గట్టు దాటొచ్చాడు.

"అన్నా, నీ బాయి తగ్గినాదంట గదా. నా ఇంజనాడేదానివల్లనే ఏమో అని నాకు మనసులో పీకుతాండాది. గట్టు నడుమ చిన్న కాలవ దీస్తాం. పొద్దున పూట నీ ఆకుతోటకిడుస్తా, మాపటికి నా మడికి పెట్టుకుంటా. ఏమంటావు?"

మంచివాడి మీద అసూయపడటం ఎంత కష్టమో అనుభవించినవాడికే తెలుస్తుంది. చెడ్డవాడైతే తిట్టుకుంటూ సుఖంగా పడొచ్చు.

"నా నీళ్లు తోడుకోని, నాకే దానం జేస్తావా?" అన్నాను.

"దానం యాడిదన్నా? కింద అంతా ఒగటే నీళ్లు."

"పైన గట్టుండాది గదప్పా. ఆపక్క నువ్వు, ఈపక్క నేను. అట్లే ఉండనీ."

వాడు తువ్వాలు ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకుని వెళ్లిపోయాడు. వాడు గట్టు దాటేదాకా ఆగి తిరుపతమ్మ మొదలుపెట్టింది.

"కాలవ దీపిచ్చుకుంటే నీదేం పోతాది?"

"మానం పోతాది."

"మానం తాగి తోట బతుకుతాదా?"

గట్టిగా అరిచి బయటికొచ్చేశాను.

వాడి బావి ఎంత లోతుందో తెలిస్తే, దానికంటే లోతుకు దించి, వాడి నీళ్లు నావైపు లాగొచ్చని నాకు ఆలోచన తట్టింది. మర్నాడు తెల్లవారుతుండగా తాడుకు రాయి కట్టుకుని దిగువ బావి గట్టు మీద వంగాను. వెనక గాజుల చప్పుడైంది. కృష్ణవేణమ్మ, చంకలో బిందె.

"ఏం బావా, బాయిలో ఏమన్నా పడినాదా?"

"ఏం ల్యాదమ్మా. నా కన్ను పడినాది."

ఆమె నవ్వి, నా చేతిలో తాడు చూసి, "ఇది పొట్టిది, అడుగు అందదు. మా ఇంట్లో పొడుగుది ఉండాది. తెచ్చియ్యల్నా?" అంది. తెచ్చిచ్చింది కూడా. వాడి పెళ్లామిచ్చిన తాడుతో వాడి బావిని కొలిచిన ఘనత నాది. నా బావికంటే రెండు మట్లు లోతు తేలింది. మట్టంటే మనిషి నిలువు. ఒకరి నెత్తిన ఒకరుగా ఇద్దరు అయ్యన్నలు నిలబడేంత. ఆ బొమ్మ నా కళ్లముందు నుంచి పోలేదు.

మూడు మట్లు దించాలని నిశ్చయించి ప్రేమయ్యకు కబురు పంపాను. ప్రేమయ్యది పక్క ఊరు. పులివెందుల దిక్కున ముగ్గురాయి గనుల్లో తూటాలు పేల్చి చేయి తిరిగినవాడు. ఆ పేలుళ్లకే ఒక చెవి పోయింది. ఆదివారం ఏసు గుడిలో పాటెత్తితే మిగతావాళ్ల చెవులు పోయేవి. అతను బావిలోకి దిగి, సుత్తితో అడుగంతా తట్టి, ఉన్న ఒక్క చెవినీ రాతికి ఆనించి చాలాసేపు విన్నాడు. వైద్యుడు నాడి చూసినట్టుగా. పైకొచ్చి తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు.

"అయ్యా, దీన్ని ముట్టుకోవద్దు."

"ఏం?"

"ఊట పక్కల్నుంచి వస్తాండాది, అడుగు నుంచి గాదు. కింద పలకరాయుండాది. అది కుండకు అడుగు మాదిరి. నీళ్లు దాని మీద నిలబడి ఉండాయి. దాన్ని పగలగొడితే పైకి రావు, కిందికి పోతాయి."

"కింద ఇంకా నీళ్లుండొచ్చు గదా?"

"ఉండొచ్చు. బొక్కన్నా ఉండొచ్చు. సుత్తి దెబ్బకు శబ్దం గుల్లగా ఉండాదయ్యా."

"నీకుండేది ఒగ చెవి. దానికి అంతా గుల్లగానే వినపడతాది."

ప్రేమయ్య ఏమీ అనుకోలేదు. "అయ్యా, ఈ రాయి మనం పుట్టించినది గాదు. పోతే మనం తెచ్చేది గాదు" అన్నాడు.

"నువ్వు చెయ్యకుంటే కడప నుంచి ఇంగొగర్ని పిలిపిచ్చుకుంటా."

అతను సుత్తి మళ్లీ చేతికి తీసుకున్నాడు. "ఇంగొగడొస్తే పది తూటాలు పెడ్తాడు. నేనే ఆరు పెడ్తాలే" అన్నాడు.

అడుగు సంగతి తెలిసినవాణ్ని అడిగి మరీ, వినకుండా అడుగు ముందుకేశాను.

మూడు రోజులు సమ్మెటతో రాతిలో రంధ్రాలు కొట్టారు. నాలుగో పొద్దున తూటాలు దట్టించి, బావి మీద ముళ్లకంపా ఈతచాపలూ కప్పారు. ప్రేమయ్య తలగుడ్డ తీసి కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. నేను కొబ్బరికాయ కొట్టాను. ఇద్దరు దేవుళ్లకూ చెప్పుకున్నాం. ఇద్దరూ వద్దనే అని ఉంటారు, మాకే వినపడలేదు. అయ్యన్న ఆ పూటకు ఇంజను ఆపి, పిల్లలు దగ్గరికి రాకుండా చేతులు చాచి దారికడ్డంగా నిలబడ్డాడు.

ఆరూ పేలాయి. చాపలు గాల్లోకి లేచాయి. అంతటితో అయిపోతుందనుకుంటే, మా పాదాల కింద, ఎక్కడో లోపల, బరువుబండి ఒకటి దొర్లుకుంటూ దిగువకు పోయినట్టైంది. ప్రేమయ్య నావైపు చూశాడు. నేను చూడనట్టు బావి దగ్గరికి పరుగెత్తాను.

నీళ్లు! నడుమెత్తు నీళ్లు, ఎర్రగా, సుడి తిరుగుతూ!

"అయ్యన్నా, సూడప్పా, సూడు!" అని ఎగిరాను. ఆ వయసులో అంత ఎత్తు ఎగరగలనని నాకే తెలియదు.

"శానా మంచిదన్నా" అన్నాడు అయ్యన్న. వాడి ముఖంలో రవ్వంత ఏడుపు కోసం వెతికాను. లేదు. ఆ ఒక్కటీ ఉండి ఉంటే నా ఆనందం నిండేది.

తెల్లారి తిరుపతమ్మ కేకకు లేచాను. బావిలో చుక్క లేదు. తడి రాతి మీద కప్ప ఒకటి కూర్చుని, దారి తప్పిన చుట్టంలా నావైపు చూస్తోంది. అడుగున పలక నిలువునా చీలి, అరచెయ్యి పట్టేంత సందు చీకట్లోకి దిగింది. చెవి పెడితే లోపల గుటకలు వినిపించాయి. ఎవరో తల ఎత్తకుండా తాగుతున్నట్టు.

అదే పొద్దున దిగువ బావిలో నీళ్లు ఒక మట్టు పైకొచ్చాయి. ఊరు మధ్యాహ్నందాకా నవ్వింది. "పుల్లన్న తూటాలేసింది తన బాయికి గాదప్పా, తోడల్లుడి బాయికి!" అని ఒకరికొకరు చెప్పుకుని నవ్వారు. నా నీళ్లు, నా తూటాలతో, నా కొబ్బరికాయతో, మంగళవాయిద్యాలొక్కటే తక్కువగా వాడింటికి కాపురానికి పోయాయి. మూడు రోజులు నేను ఇల్లు కదల్లేదు. ఆ మూడు రోజుల్లోనే తోట తల వాల్చింది. ఆకుల అంచులు పసుపు తిరిగాయి.

నాలుగో రోజు తోటలో నీళ్ల చప్పుడు విని పరుగెత్తాను. అయ్యన్న గట్టు తెగ్గొట్టి నా సాళ్లలోకి నీళ్లు మళ్లించాడు. నా పెళ్లాం చెంగు నడుముకు చుట్టుకుని, పార పట్టి, నీళ్లకు మట్టి అడ్డేసి మడవలు కడుతోంది.

"ఎవరు రమ్మన్నారు?" అన్నాను.

"నేను రమ్మన్నా" అంది తిరుపతమ్మ, తలెత్తకుండా. "నీ మానం ఇంట్లో భద్రంగా ఉండాదిలే. పోయి చూసుకో."

తీగలు తలెత్తాయి, నేను దించుకున్నాను. ఆరు రోజులు వాడి ఇంజను నా తోటకూ వాడి మడికీ పగలంతా తోడింది. ఏడో రోజు డుగుడుగు నడుమ గొట్టం గుర్రుమంది. నీళ్లకు బదులు గాలి వచ్చింది. అయ్యన్న ఇంజను ఆపి మెట్లు దిగాడు. నేనూ వెనకే దిగాను. వాడి బావి గోడలో, నా బావివైపు నుంచి వచ్చిన బీట ఒకటి, అడుగు మీదుగా ఏటివైపు సాగిపోయి ఉంది. ఇద్దరం వంగి చూశాం. అక్కడా అవే గుటకలు.

"అన్నా, నీ బాయి నా బాయిలోకి కారె. మరి నా బాయి యాడికి కారతాండాది?" అన్నాడు అయ్యన్న.

నేను అరచేత్తో ఆ బీట మూసి చూశాను, గుటకలు ఆగలేదు.

ప్రేమయ్యను పిలిపించాం. అతను సున్నమూ బంకమట్టీ బెల్లపునీళ్లతో తొక్కించి, రెండు బావుల్లోనూ సందుల్లో కూరించాడు. ఆకుతోటవాడికి సున్నం కొత్త కాదు. కానీ ఆ సున్నం నిలవలేదు, చివరికి నాకు మిగిలింది సున్న. "ఏటి ఇసక కిందికి పోతాండాదేమో. అంత దూరం నాకు వినపడదయ్యా" అన్నాడు ప్రేమయ్య. నేనే చెప్పాను కదా అని ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఆ పలక మీద కూర్చుని ఆలోచించాను. ఈ ఊరికి ఎవడో పేరు పెట్టకముందు నుంచి, ఏటికి ఎవడో పేరు పెట్టకముందు నుంచి, అది వానచుక్కను దోసిట్లో పట్టి కూర్చుంది. ఎన్ని కరువులు పైనుంచి పోయినా దోసిలి విప్పలేదు. అయ్యన్న ఇంజను ఆ దోసిట్లోది మూడు నెలల్లో తాగేసింది. నేను ఒక్క పొద్దులో ఆ వేళ్లే విరగ్గొట్టాను. ఎవరు ఎక్కువ చెడగొట్టారనే పోటీలో మాత్రం తోడల్లుణ్ని నేనే గెలిచాను.

ఇక మిగిలింది ఏరు. పాపాలను పోగొట్టేదని దానికి పేరు. నా పాపం కడగడానికి అప్పుడు దాంట్లో ఇసకే ఉంది. ఇసకలో చెలమలు తవ్వాం. మోకాలి లోతున చల్లటి నీళ్లు మెల్లగా ఊరాయి. కుండ నిండేదాకా కాచుకుని కూర్చోవాలి. రెండు ఇళ్లవాళ్లమూ కుండలు పట్టాం. కుండలతో వరిమడి తడవదు. అయ్యన్నకు ఆ సంగతి మొదటి రోజే తెలుసు. వాడి మడి గడ్డి రంగుకు తిరిగింది, కొంగలు లేచి పోయాయి. వాడు మాత్రం రోజూ కుండ భుజాన పెట్టుకుని నా తోటకే వచ్చాడు.

"నీ మడి ఎండిపోతాంటే ఈడేం జేస్తాండావప్పా?" అని ఒకసారి అడిగాను.

"వరి వచ్చే యేడన్నా ఏసుకుంటా. ఆకుతోట పోతే మీ ఇల్లు నిలబడాలంటే శానా ఏండ్లు పడతాది గదన్నా" అన్నాడు.

కుండల నీళ్లు తోటంతటికీ చాలవు. తిరుపతమ్మ తోట మధ్య నిలబడి చెయ్యి చూపించింది. "ఆ పడమటి పక్కవి ఇడ్సెయ్యండి. ఏటి దిక్కువి ఎనిమిది సాళ్లు పట్టుకుంటాం. అవి నిలబడితే వాటి తీగలే కత్తిరించి మళ్లీ నాటుకోవచ్చు." చెప్పి, విడిచిన సాళ్లలో ఆఖరి ఆకు తానే కోసుకొచ్చింది. కోస్తున్నంతసేపూ మావైపు తిరగలేదు.

ఎనిమిది సాళ్లలో మనిషికి రెండు. నాకు రెండు, తిరుపతమ్మకు రెండు, కృష్ణవేణమ్మకు రెండు, అయ్యన్నకు రెండు. పది రోజులయ్యేసరికి అయ్యన్న రెండు సాళ్లూ నా రెండిటికంటే పచ్చగా కనిపించాయి. తోట నాది. తీగ నాది. ఆకు కోస్తే నా ఇంటికొచ్చే ఆకు. అయినా నాకు కన్ను కుట్టింది. నా తోట మీద నాకే అసూయ పుట్టడం లోకంలో ఇంకెవరికైనా జరిగిందేమో తెలియదు.

"నీ మొగుడు ఆ సాళ్లకేం పోస్తాండాడమ్మా, పాలా?" అని కృష్ణవేణమ్మను అడిగాను.

"కుండెత్తి ఒగేతూరి కుమ్మరిచ్చడు బావా. తీగ మొదట్లో గుంత జేసి, చెంబుతో తాపిస్తాడు. నువ్వు పోస్తే సగం సాలు దాటి పోతాండాది" అంది.

మర్నాటి నుంచి నేనూ చెంబు పట్టాను, ఎవరూ చూడనప్పుడు.

వైశాఖం మధ్యలో ఒక మిట్ట మధ్యాహ్నం, చెలమ పూడిపోయిందని అయ్యన్న మళ్లీ తవ్వడానికి ఏట్లో ఉండిపోయాడు. వాడి రెండో సాలు చివర నాలుగు తీగలు తడి లేక ముడుచుకుని ఉన్నాయి. నా సాలు చివరా నాలుగు తీగలు అట్లాగే ఉన్నాయి. నా చేతిలో కుండలో మిగిలింది ఆ నాలుగిటికో ఈ నాలుగిటికో చాలేన్ని నీళ్లే. రెండు సాళ్ల మధ్య ఎంతసేపు నిలబడ్డానో నా అరికాళ్లకే తెలుసు. చివరికి వాడి సాలు దగ్గర కూర్చుని, గుంత చేసి, చెంబుతో ఒక్కో మొదటికీ తాపించాను. మట్టి చప్పరించినట్టు పీల్చుకుంది. కుండలో అడుగున మిగిలిన నాలుగు చుక్కలూ నా సాలుకు దులిపాను.

తెల్లారి చూస్తే వాడి సాలు చివరిదాకా నిటారుగా ఉంది. నాది ఇంకా వాలే ఉంది. అయ్యన్న అటు చూసి, ఇటు చూసి, నావైపు చూశాడు. వాడు నోరు తెరిచేలోపే కుండ భుజానికెత్తుకుని, చెలమ దగ్గరికి వాడికంటే ముందు చేరాలని గబగబా ఏట్లోకి దిగాను.